వేట ఆగిన 61 రోజులు

"నీళ్లొచ్చేసినియ్యి! లెగండి! గుంటల్ని లేపు!"

రాత్రి రెండు దాటింది. 2025 ఏప్రిల్ 18 ఇంకా తెల్లారలేదు. ఉప్పాడ ఒడ్డున రెండు గదుల రేకుల ఇల్లు. గాలి ఆడటం లేదు. ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది గానీ ఉక్క తగ్గడం లేదు. గది మధ్యలో అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు. చేతిలో స్టీలు గ్లాసు. నేల మీంచి ఏదో తోడుతున్నాడు. గుమ్మం అవతలికి విసురుతున్నాడు. మళ్లీ తోడుతున్నాడు.

ఆమె ఉలిక్కిపడి లేచింది. ఏమీ అడగలేదు. మంచం మీంచి కాలు కిందపెట్టింది.

వేరే ఊళ్లో అయితే ఆ కేకకి మొగుడికి మతి చలించిందనుకుంటారు. ఉప్పాడలో ముందు కాలు కిందపెట్టి చూసుకుంటారు. ఇక్కడ సముద్రం ఇళ్లలోకి రావడం కొత్త కాదు. తాతలు తిరిగిన వీధులు ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయి. కాకినాడ వెళ్లే బీచ్ రోడ్డు ఎన్నిసార్లు తెగిందో, ఎన్నిసార్లు రాళ్లు తెచ్చి పోశారో, ఇసక నింపి పరిచిన జియోట్యూబుల గోడ ఎలా చిరిగిపోయిందో ఈ ఊళ్లో బడికెళ్లే పిల్లల్ని అడిగినా చెబుతారు. అందుకే ఆమె ముందు నేలనే నమ్మింది. అరికాలికి తడి తగల్లేదు.

అతను తోడుతూనే ఉన్నాడు. ఒళ్లంతా చెమట. చేతులు వణికిపోతున్నాయి. కళ్లు ఆమెను దాటి గోడలో ఎక్కడో ఆగాయి. ఉన్నట్టుండి గ్లాసు వదిలేశాడు. గాల్లోకి వంగి ఎవరిదో చెయ్యి అందుకోబోయాడు.

"అన్నా! వదిలీకు! నా సెయ్యి వదిలీకు!"

ఆ అన్న సముద్రంలో కలిసిపోయి ఇరవై ఎనిమిదేళ్లు దాటింది.

*

ఇతనికి ఇక్కడ పేరు పెట్టడం లేదు. ఇతను ఒక్క మనిషీ కాడు, ఇతని చుట్టూ ఉన్నవాళ్లూ అంతే. ఈ తీరంలో ఇలా బతికి, ఇలా పడి, ఇలా లేచే మనుషుల పోలికలు కలిపి నిలబెట్టిన రూపాలు. తుపానులు, తేదీలు, ఊరు, జబ్బు, దానికి చేసే వైద్యం మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

మూడు రోజుల వెనక్కి వెళ్దాం. ఏప్రిల్ 15. తూర్పు తీరమంతా వేట ఆగిన రోజు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజను బోట్లు ఒడ్డునే ఉండాలి. బోట్లు ఒడ్డెక్కితే సరంగులూ కళాసీలూ ఖాళీ. ఖాళీగా ఉన్న చేతికి సీసా తొందరగా అందుతుంది. 2024 అక్టోబరులో కొత్త మద్యం విధానం వచ్చాక క్వార్టర్ 99 రూపాయలకే దొరికేది. వంద కాగితం మారిస్తే రూపాయి మిగిలేది.

అతను పొద్దున లేవగానే తాగేవాడు. తాగితేగానీ వణుకు ఆగేది కాదు. వణుకు ఆగితేగానీ వల ముడి పడేది కాదు.

అయితే ఆ ఏప్రిల్లో ఇంట్లో ఒకటి జరిగింది. కూతురికి సంబంధం వచ్చింది. పిల్ల కాకినాడ రొయ్యల కంపెనీలో పనిచేస్తుంది. పిల్లవాడిది తొండంగి వైపు. కుర్చీలు వేశారు, కూల్‌డ్రింకులు పోశారు, మాటలు నడుస్తున్నాయి. ఇతను తూలుకుంటూ వచ్చి గుమ్మంలో పడ్డాడు. వచ్చినవాళ్లు గ్లాసులు కిందపెట్టి లేచారు. కూతురు ఏడవలేదు. లోపలికెళ్లి తలుపేసుకుంది. తెల్లారి తండ్రి మొహం చూడకుండా డ్యూటీకి వెళ్లిపోయింది.

ఆ మర్నాడే, వేట ఆగిన రోజునే, అతను తలస్నానం చేసి గంగమ్మ గుడికెళ్లాడు. పసుపు నీళ్లు చేతిలో పోసుకుని ఒట్టు వేశాడు. ఇక చుక్క ముట్టను.

ఊరు మెచ్చుకుంది. వదిన వచ్చి కొబ్బరికాయ కొట్టింది. భార్య ఆ పూట కోనెం పులుసు పెట్టింది. ఏళ్ల తరబడి ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. ఒకసారి ఎవరో చెప్పారని తాగుడు మాన్పించే పొడి తెచ్చి కూరలో కలిపింది. ఆ పొట్లాల్లో ఏముంటుందో అమ్మేవాళ్లకి తప్ప ఎవరికీ తెలీదు. చాలాసార్లు డైసల్ఫిరామ్ ఉంటుందని డాక్టర్లు అంటారు. 1940లలో డెన్మార్క్‌లో యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్సన్ అనే పరిశోధకులు ఆ మాత్ర మింగి తర్వాత మద్యం తాగి చూస్తే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వికారంతో ఇబ్బందిపడ్డారు. రోగికి తెలిసి, డాక్టరు కనిపెట్టుకుని ఉంటే అది మందు. తెలియకుండా పులుసులో కలిపితే ప్రాణాల మీదకొస్తుంది. పొడి కలిపిన ఆ రాత్రి అతను రెండు గంటలు కక్కుకుని బతికాడు. ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు మాత్రం తనంతట తనే మానేశాడు. ఇంకేం కావాలి?

16వ తేదీ తెల్లవారుజామున అతని దవడలు బిగుసుకున్నాయి. కళ్లు తేలేశాయి. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. ఎవరో తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టారు. ఎవరో ఉల్లిపాయ చితక్కొట్టి వాసన చూపించారు. గాలి సోకిందన్నారు, నీరసమన్నారు. ఊళ్లో సూది వేసేవాడొచ్చి గ్లూకోజు సీసా ఎక్కించి వెళ్లాడు. అతను తేరుకున్నాడు. నవ్వాడు కూడా. కానీ ఆ రాత్రి నిద్రపోలేదు. మరుసటి పగలూ నిద్రపోలేదు. గోడ మీద ఎండ్రకాయలు పాకుతున్నాయని చెప్పులతో కొట్టాడు. అర్ధరాత్రి దాటాక నీళ్లు తోడటం మొదలుపెట్టాడు.

కొడుకు 108కి ఫోన్ చేశాడు.

*

అంబులెన్సులో అతన్ని నలుగురు పట్టుకోవలసి వచ్చింది. అద్దాల్లోంచి ఎడమ పక్క సముద్రం నల్లగా కదులుతోంది. వాకలపూడి లైట్‌హౌస్ వెలుగు ఒక్కో చుట్టుకీ లోపలికి కొట్టిపోతోంది. ఆ వెలుగు పడ్డప్పుడల్లా అతను గుండెలవిసేలా అరిచాడు. బోటు తిరగబడుతోందంటాడు. డీజిలు కంపు కొడుతోందంటాడు. డ్రైవరు సైరన్ ఆపేశాడు.

కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి, జీజీహెచ్. ఎమర్జెన్సీలో ట్యూబులైట్లు, ఫినాయిలు వాసన, వరండాలో చాపల మీద నిద్రపోతున్న జనం. డ్యూటీ డాక్టరు చిన్నపిల్ల. నాడి చూసింది, నూట నలభై. ఒళ్లు కాలిపోతోంది. కనురెప్పలెత్తి టార్చి వేసింది.

"తాగుతాడా?"

భార్య ఒక్క అడుగు ముందుకొచ్చింది. గర్వంగానే చెప్పింది.

"తాగేవోడండి. మానేసేడు. మూడ్రోజులైంది, సుక్క ముట్లేదు. గంగమ్మకాడ ఒట్టేసేడు."

డాక్టరమ్మ చేతిలో టార్చి ఆగిపోయింది. "సిస్టర్! లోరాజెపామ్! త్వరగా!"

మంచివార్త చెప్పాననుకున్న మనిషికి ఏమీ అర్థం కాలేదు.

అర్థం కావడానికి కొంచెం ఆగాలి. మద్యం మెదడును మందగింపజేస్తుంది. రోజూ తాగేవాడి మెదడు ఆ మత్తుకి ఎదురు తిరిగి తన వేగం పెంచుకుని నిలదొక్కుకుంటుంది. ఏళ్లకేళ్లు ఎదురుగాలికి ఒరిగి నిలబడ్డవాడు గాలి ఠక్కున ఆగితే ముందుకు పడతాడు. ఇదీ అంతే. ఆఖరి చుక్క పడిన ఆరు గంటల నుంచి రెండు రోజుల్లోపు మూర్ఛలు రావచ్చు. రెండోరోజు నుంచి నాలుగోరోజు లోపల కొందరికి డెలీరియం ట్రెమెన్స్ వస్తుంది: వణుకు, జ్వరం, గుండె పరుగు, లేనివి కనిపించడం. తాగేవాళ్లందరికీ రాదు. వచ్చినవాడికి వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఊరంతా మెచ్చుకున్న ఆ ఒట్టు అతన్ని చావు అంచుకి నెట్టింది. తాగడం మానడం తప్పు కాదు. డాక్టరు లేకుండా ఒక్క దెబ్బన మానడమే కొంపముంచింది. మాల వేసుకుని మానినవాళ్లలో వణుకుతో ఆస్పత్రికొచ్చేవాళ్లను ప్రతి మానసిక వైద్యుడూ చూసే ఉంటాడు.

ఇంకో చిన్న సంగతి. ఊళ్లో ఎక్కించిన గ్లూకోజు. ఏళ్ల తరబడి తాగినవాడి ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటి ఉంటుంది. అది ఎక్కించకుండా గ్లూకోజు పోస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే నర్సు ముందు థయమిన్ సీసా తగిలించింది.

మెత్తటి గుడ్డలతో చేతులు మంచానికి కట్టారు. ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. అతను సీలింగు కేసి చూస్తూ గొణుగుతున్నాడు. ఆ గొణుగుడులో ఒకే మాట పదేపదే వినిపిస్తోంది.

"నేనే."

*

నాలుగో రోజు పొద్దున అతను కళ్లు తెరిచాడు. కిటికీలోంచి వేపచెట్టు కనిపించింది. వేపచెట్టులాగే కనిపించింది.

"బోట్లెళ్లేయా?" అన్నాడు.

"వేట బందు కదా మావా," అంది ఆమె. అని మొహం తిప్పుకుంది.

గుడ్డలు విప్పారు. మానసిక వైద్య విభాగంలో తాగుడు మాన్పించే వార్డుకి మార్చారు. అక్కడ రోజులన్నీ ఒకేలా ఉన్నాయి. పొద్దున బీపీ, మాత్రలు. తర్వాత గుండ్రంగా కుర్చీలు. ఒకాయన ఆటోడ్రైవరు, ఒకాయన రిటైర్డ్ టీచరు, ఒకడు ఇరవై దాటని కుర్రాడు, గంజాయి కేసు. ఒక్కొక్కరూ తన కథ తను చెప్పుకోవాలి. ఇతను మొదటివారం నోరు విప్పలేదు. మధ్యాహ్నం భార్యలకీ తల్లులకీ వేరే కూర్చోబెట్టి మాట్లాడేవారు. జేబులు వెతకొద్దన్నారు. ఒట్లు వేయించొద్దన్నారు. అప్పులు మీరు తీర్చొద్దన్నారు. ఆమె మూడూ చేసిన మనిషి. చీరకొంగు వేలికి చుట్టుకుంటూ విన్నది.

ఇలా ఇంటివాళ్లను కూడా కూర్చోబెట్టాలన్న పట్టుదలకి మన దక్షిణాదిన ఒక ఇంటి చావు కూడా కారణం. మద్రాసులో టి.టి. రంగనాథన్ అనే యువకుడు 1979లో తాగుడు వల్ల చనిపోయాడు. కేంద్ర ఆర్థికమంత్రిగా చేసిన టి.టి. కృష్ణమాచారికి మనవడు. డబ్బుకి లోటు లేదు, డాక్టర్లకి లోటు లేదు, కానీ తాగుడును జబ్బుగా చూసి వైద్యం చేసే చోటు అప్పట్లో ఇక్కడ దాదాపు లేదు. అతని భార్య శాంతి రంగనాథన్ ఆ మరుసటి ఏడే, 1980లో, భర్త పేరిట సంస్థ పెట్టారు. టీటీకే ఆస్పత్రిగా పేరుపడింది. రోగిని చేర్చుకుని మందులతో పాటు మాటలతోనూ వైద్యం చెయ్యడం, భార్యనీ తల్లినీ అందులో భాగం చెయ్యడం అక్కడ పద్ధతి. 1992లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

అయినా ఎంతమంది చేరుతున్నారు? 2019లో కేంద్రప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే బయటికొచ్చింది. తాగుడుకి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందింది. ఆస్పత్రిలో చేరి వైద్యం పొందింది 180 మందిలో ఒక్కరు. ఉప్పాడ మనిషి ఆ ఒక్కరిలో పడ్డాడు. అదీ ఒట్టు వికటించబట్టి.

తర్వాత ఏప్రిల్ 26 వచ్చింది.

*

మధ్యాహ్నం ఫోను టింగుమంది. వేట నిషేధానికి భృతి. అంతకుముందు పదివేలుండేది, ఆ ఏడు 20 వేలు. మత్స్యకార కుటుంబాల ఖాతాల్లో వేసే పథకాన్ని ఆ రోజే శ్రీకాకుళం జిల్లాలో ముఖ్యమంత్రి మొదలుపెట్టారు. వార్డులో టీవీ చూపిస్తోంది. అతను ఫోను చూశాడు. టీవీ చూశాడు. చొక్కా తొడుక్కున్నాడు.

"టీ తాగొత్తాను."

ఆమె సరేనంది. పది అంకెలు లెక్కపెట్టి వెనకాలే బయల్దేరింది.

ఎండ మాడ్చేస్తోంది. గేటు దాటాడు. టీకొట్టు దాటాడు. రెండు వీధులు తిరిగాడు. వైన్‌షాపు ఎదురుగా రోడ్డుకి ఇవతల ఆగాడు. జేబులో వంద కాగితం ఉందని ఆమెకు తెలుసు, ఎందుకంటే పొద్దున తనే టిఫిన్‌కిచ్చింది. ఆటోలు హారన్లు కొడుతుంటే, చెమట చొక్కాని వీపుకి అంటించేస్తుంటే, కౌంటరు ఊచల వెనక కుర్రాడు సీసాలు అందిస్తుంటే, అతను ఒక కాలు రోడ్డు మీద పెట్టడం, మళ్లీ వెనక్కి తియ్యడం, మళ్లీ పెట్టడం చూస్తూ, పిలవాలా వద్దా, పిలిస్తే మొహం చెల్లక దాటేస్తాడా, పిలవకపోతే తాగేస్తాడా అని తేల్చుకోలేక ఆమె మెడికల్ షాపు అరుగు పక్కన నిలబడిపోయింది.

అతను రోడ్డు దాటలేదు. వెనక్కీ రాలేదు. అక్కడే పేవ్‌మెంటు మీద కూలబడ్డాడు.

ఆమె వెళ్లి పక్కన కూర్చుంది. చాలాసేపటికి అతను జేబులోంచి ఏటీఎం కార్డు తీసి ఆమె ఒళ్లో పడేశాడు.

"నీకాడెట్టుకో. నంబరు అమ్మాయికి సెప్పి మార్పించీ. నాకు సెప్పమాకండి."

ఆ రాత్రి అతనికి మళ్లీ పీడకల వచ్చింది. ఈసారి మత్తు లేదు, జ్వరం లేదు, వణుకు లేదు. కానీ నీళ్లు వచ్చాయి. అన్న చెయ్యి వచ్చింది. తాగుడుతో కొట్టుకుపోవలసిందేదో కొట్టుకుపోలేదు. అది తాగుడు కంటే ముందునుంచే అక్కడుంది.

తెల్లారి అతనే వెళ్లి కౌన్సెలర్ గది తలుపు కొట్టాడు.

*

1996 నవంబరు 6. బుధవారం. అతనికి పదిహేడేళ్లు. అన్నకి ఇరవై రెండు, పెళ్లై ఏడాది. ఇద్దరూ కాకినాడ నుంచి వేటకెళ్లిన బోటులో కళాసీలు. ఆ రోజు తుపాను పట్టుకుంది. పైకి చూస్తే అది చిన్నది. చుట్టుకొలత తక్కువ. దెబ్బ మాత్రం ఘోరం. ఆ రాత్రి కాకినాడకి దక్షిణంగా యాభై కిలోమీటర్ల దూరంలో తీరం దాటి కోనసీమ కొబ్బరిని నేలకి పరిచేసింది. వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు రొయ్యపిల్లలు పట్టడానికెళ్లినవాళ్లు గుంపులు గుంపులుగా కొట్టుకుపోయారు. సముద్రంలో ఉన్న బోట్లవాళ్లలో చాలామంది శవాలు కూడా దొరకలేదు.

కౌన్సెలర్ ఒక్కటే అడిగింది. "ఆ రాత్రి ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పండి. కళ్లు మూసుకుని, ఇప్పుడు జరుగుతున్నట్టు."

మొదటిసారి రెండు నిమిషాల్లో ముగించాడు. బోటు తిరగబడింది, అన్న పోయాడు, నేను బతికాను. అంతే. మళ్లీ చెప్పమంది. మర్నాడు మళ్లీ. జరిగిన ఘోరాన్ని తప్పించుకు తిరిగితే భయం బలుస్తుందని, భద్రమైన చోట కూర్చుని దాన్ని పదేపదే చెబితే దాని పట్టు సడలుతుందని ఎడ్నా ఫోవా వంటి మనస్తత్వవేత్తలు 1980ల నుంచి చేసి చూపించారు. ఘోరం అలా వెంటాడే జబ్బుకి పీటీఎస్‌డీ అనే పేరు అమెరికన్ వైద్యుల గ్రంథంలో 1980లోనే ఎక్కింది, ముఖ్యంగా వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల వల్ల. కోరింగ మడ అడవుల్లో బురదలోంచి లేచొచ్చిన పదిహేడేళ్ల కుర్రాడికి ఆ పేరు ఎవరూ చెప్పలేదు. నాలుగు రాత్రులు నిద్రలేకపోతే ఒక పెద్దాయన సీసా ఇచ్చాడు. రాష్ట్రంలో అప్పటికి మద్యనిషేధం. ఎన్టీఆర్ 1995 జనవరిలో పెట్టింది. కానీ పక్కనే యానాం, పుదుచ్చేరి ఏలుబడి, అక్కడ నిషేధం లేదు. యానాం సీసా. "తాగరా, నిద్దరడతాది." నిజమే. నిద్రపట్టింది. 1997లో నిషేధం ఎత్తేసేసరికి అతనికి ఇక సీసా లేకుండా నిద్రపట్టదు.

ఆరోసారి చెబుతున్నప్పుడు అతని గొంతు మారింది. అప్పటిదాకా చెప్పనిది బయటికొచ్చింది. బోటు బోల్తాపడ్డాక ఒక్క డీజిలు క్యాను దొరికిందని, దానికి ఇద్దరూ వేలాడారని, చీకట్లో కెరటం మీద కెరటం ఎత్తి కొడుతుంటే ఉప్పునీళ్లు మింగి కక్కి మళ్లీ మింగుతూ అన్న తన జబ్బ పట్టుకున్నాడని, ఆ బరువుకి క్యాను ములిగిపోతోందని, ఊపిరాడక, ఒకటే భయంతో, ఒక్కసారి ఒక్కసారే జబ్బ విదిలించానని, విదిలించగానే అన్న పిలవను కూడా పిలవలేదని అతను ఏడ్చుకుంటూ కాదు, మామూలుగా, వల గురించి చెప్పినట్టు చెప్పాడు.

గది బయట బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఒకరు భార్య. రెండోవాళ్లు ఆ పూటే ఉప్పాడ నుంచి చూడ్డానికొచ్చిన వదిన.

*

వదిన పెళ్లైన ఏడాదికే మొగుణ్ని పోగొట్టుకుంది. శవం లేదు. చట్టం ప్రకారం ఏడేళ్లు కనబడకపోతేనే మనిషి పోయినట్టు. ఆ ఏడేళ్లూ ఆమె బొట్టు పెట్టుకోవాలో తీసెయ్యాలో చెప్పేవాళ్లు లేక గడిపింది. అప్పట్నుంచీ మరిదిని ఒకటే అడుగుతోంది. ఆఖరిసారి ఏమన్నా అన్నాడా? అతను ఎప్పుడూ లేచి వెళ్లిపోయేవాడు. వెళ్లి తాగేవాడు.

చెప్పి తీరాలని కౌన్సెలర్ అనలేదు. ఎప్పుడు, ఎలా అన్నది మీ ఇష్టమంది. అతను తలుపు తీసి బయటికొచ్చాడు. వదినని చూశాడు. వెనక్కి తిరగలేదు.

"ఏమీ అన్లేదు వదినా. నా జబ్బట్టుకున్నాడు. నేనే ఇదిలించీసేను."

వరండాలో ఎవరిదో స్టీలు క్యారియర్ కిందపడింది. వదిన అతని మొహం కేసి చాలాసేపు చూసింది. తిట్టలేదు. ఏడవలేదు. పక్కనున్న సంచి తీసుకుని లేచింది. మెట్లు దిగి వెళ్లిపోయింది.

డిశ్చార్జి అయ్యేదాకా మళ్లీ రాలేదు.

*

మే మూడోవారంలో ఇంటికొచ్చాడు. కోరిక తగ్గించే మాత్రలు, నెలనెలా రివ్యూ చీటీ, ఫోన్ నంబర్లు. ఊళ్లో మొదటి పది రోజులూ అందరూ అతని మూతి వాసన చూసినవాళ్లే. జూన్ 14 అర్ధరాత్రి దాటగానే బోట్లు కదిలాయి. అతనూ వెళ్లాడు. సంద్రం మీద భయం వేసింది. కానీ భయం వేసినా బతకొచ్చని తెలిసింది.

ఆగస్టులో పడ్డాడు. వేట బాగా పడిన రోజు. బోటు ఓనరు అందరికీ తలో క్వార్టర్ పంచాడు. వద్దంటే ఎగతాళి. ఒక్కటే అనుకున్నాడు. రెండు రోజులు తాగాడు.

కథల్లో ఈ భాగం సాధారణంగా దాచేస్తారు. దాచకూడదు. వైద్యం చేయించుకున్నవాళ్లలో చాలామంది కనీసం ఒకసారి జారతారు, వైద్యులకు అది తెలిసిన విషయమే. తేడా ఏంటంటే ఈసారి ఆమె ఒట్టు వేయించలేదు. గుడికి తీసుకెళ్లలేదు. మూడోరోజు తెల్లవారకుండానే ఆటో ఎక్కించి కాకినాడ తీసుకెళ్లింది. వారం రోజులు వార్డులో ఉన్నాడు. ఈసారి చేతులు కట్టాల్సిన పనిలేకపోయింది.

అసలు పరీక్ష ఇంకా రాలేదు.

అక్టోబరు 26 నుంచి ఫోన్లు మోగడం మొదలైంది. మొంథా తుపాను. కాకినాడ దగ్గరే తీరం దాటొచ్చన్నారు. కాకినాడ పోర్టులో పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. 28వ తేదీ, మంగళవారం. మధ్యాహ్నానికే కెరటాలు బీచ్ రోడ్డు మీదకెక్కి రాళ్లని ఎత్తి అవతల పడేస్తున్నాయి. పోలీసులు రోడ్డు మూసేశారు. ఒడ్డు పేటల జనాన్ని పునరావాస కేంద్రాలకి తరలించారు. అతని ఇంటి వంటగది గోడ కళ్లముందే ఒరిగింది.

బడిలో చాపలు. చీకటి. కిటికీ రెక్కలు కొట్టుకుంటున్నాయి. గాలి ఊళ పెడుతోంది. అచ్చం ఆ రాత్రి గాలే. అతని చేతులు వణుకుతున్నాయి. ఒంట్లో మందు లేదు, ఇది వేరే వణుకు. మూల నుంచి ఒకడు పాక్కుంటూ వచ్చి చెవిలో ఊదాడు.

"ఉంది. కొంచెం ఏస్కో. లేపోతే ఈ రేతిరి గడవదు నీకు."

సీసా మూత తిప్పిన చప్పుడు. ఆ వాసన. అతను గోడకి ఆనుకున్నాడు. కళ్లు మూసుకోలేదు. కౌన్సెలర్ నేర్పింది మొదలుపెట్టాడు: కనిపించేవి ఐదు పైకి చెప్పడం. టార్చి లైటు. నల్లబోర్డు. కూతురి చెప్పులు. నీళ్ల బిందె. ఐదోది దొరకలేదు. గాలి తలుపుని బద్దలుకొట్టేలా కొట్టింది. అతను సీసా కేసి చూశాడు.

ఎదురుగా ఉన్న చాప కదిలింది. వదిన. మే నుంచి అతనితో ఒక్క మాట మాట్లాడని వదిన. చాప ఈడ్చుకుంటూ వచ్చి అతనికీ సీసావాడికీ మధ్యలో పరిచింది. దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకుంది. క్షమించానని అన్లేదు. ఏమీ అన్లేదు.

అతను ఫోను తీసి టెలీ మానస్ హెల్ప్‌లైను 14416 కొట్టాడు. లైను కలవడానికి చాలాసేపు పట్టింది. కలిశాక తెల్లవారే దాకా రెండుసార్లు మాట్లాడాడు. మొంథా కాకినాడని తప్పించుకుని అర్ధరాత్రి వేళ నరసాపురం దగ్గర తీరం దాటింది. ఉప్పాడలో ఇళ్లు పోయాయి, రోడ్డు పోయింది, అతని వంటగది పోయింది. ఆ రాత్రి అతను తాగలేదు.

*

కూతురికి ఇంకా సంబంధం కుదరలేదు. వదిన ఇంకా మాట్లాడటం లేదు. అతను రివ్యూకి వెళ్తున్నాడు.

ఇది చదువుతున్నవాళ్ల ఇంట్లో రోజూ తాగే మనిషి ఉంటే, ఆ మనిషి రేపట్నుంచి మానేస్తానంటే, ఒట్టు వేయించకండి. పొడులు కూరలో కలపకండి. చేతులు వణికితే, నిద్ర పట్టకపోతే, మాటలు తడబడితే, మూర్ఛ వస్తే ఎదురుచూడకుండా అదే గంటలో ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఆఖరిసారి ఎప్పుడు తాగాడో డాక్టరుకి ముందుగా చెప్పండి. మత్తు మానడానికి సలహా కావాలంటే కేంద్రప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబరు 14446. మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416, రాత్రి పగలు పలుకుతారు. తెలుగులో మాట్లాడొచ్చు. పైసా ఖర్చు లేదు.